అల్లరి కాని ఆవేశము
ఆటిజము లక్షణములు గల పసిపిల్లల విషయమున గ్రామపంచాయతీ కర్తవ్యము

గోదావరిఖని చుట్టునున్న గ్రామములలో పొద్దు సైరనుతో మొదలగును. మొదటి షిఫ్టువారు బాయి పనికి బయలుదేరుదురు. రాత్రి షిఫ్టు దిగినవారు ఇండ్లకు చేరి నిద్రకు ఉపక్రమింతురు. ఓపెన్‌కాస్టు గనులకు చేరువనున్న ఊళ్లలో బ్లాస్టింగు చప్పుడుకు కిటికీ రెక్కలు కదలుటయు, బొగ్గు టిప్పర్ల రాకపోకలును నిత్యానుభవములే. పెద్దలమైన మనము ఈ చప్పుళ్లకు అలవాటుపడి, వానిని గమనించుటయే మానివేసినాము. కాని వీనిని భరింపలేని పసిబిడ్డలు మన మధ్యనే ఉన్నారు. అట్టి బిడ్డను గురించి, ఆ బిడ్డను పెంచుచున్న తల్లిదండ్రులను గురించి, వారి యెడల పంచాయతీ సభ్యులు నిర్వర్తింపవలసిన బాధ్యతను గురించి ఈ పాఠమున తెలిసికొందము.

ఒక ఉదాహరణము

ఒక కుటుంబమును ఊహించుకొందము. ఇది ఏ ఒక్క ఇంటి కథయు కాదు. ఎన్నో ఇండ్లలో జరుగుచున్నదానిని ఒకచోట చేర్చి చెప్పుచున్నాము.

తండ్రి బొగ్గుబాయిలో పనివాడు. పిల్లవానికి మూడేండ్లు. నడక సకాలముననే వచ్చినది. ఆకలి, ఆరోగ్యము బాగుగనే ఉన్నవి. కాని పేరు పెట్టి పిలిచిన తిరిగి చూడడు. సీసా మూతను గంటలకొలది నేలపై త్రిప్పుచు కూర్చుండును. ఏదైన కావలెనన్న వ్రేలితో చూపడు. తల్లి చేయి పట్టి లాగును. తల్లికి దిగులు కలిగి అత్తతో చెప్పినది. ఆమె "ఏం కాదు బిడ్డా, వాని నాయనకు సుత నాలుగేండ్లకే మాటలచ్చినయి" అని ధైర్యము చెప్పినది. ఆ మాట ప్రేమతో చెప్పినదే. కాని ఆ మాటమీద ఒక సంవత్సరము గడచిపోయినది.

ఒకనాడు తల్లి పిల్లవానిని తీసికొని అంగడికి పోయినది. ఒక ప్రక్క మైకు, మరియొక ప్రక్క టిప్పరు హారను, చుట్టును జనము. పిల్లవాడు ఒక్కసారిగా చెవులు మూసికొని నేలపై పడి, తల నేలకు కొట్టుకొని, తన చేతిని తానే కొరుకుకొనినాడు. తల్లి ఎత్తుకొనబోగా ఆమెను రక్కినాడు. చుట్టును నలుబదిమంది గుమిగూడిరి. ఒకరు బిస్కెట్టు చూపిరి. ఒకరు "రెండు దెబ్బలెయ్యి, చక్కగైతడు" అనిరి. ఒకరు దిష్టి యనిరి. ఒకరు "ఒక్క పిల్లగాన్ని సముదాయించుడు చాతగాదా?" అని తల్లిని ప్రశ్నించిరి. జనము పెరిగినకొలది ఏడ్పు పెరిగినది.

ఆనాటినుండి ఆమె పిల్లవానిని అంగడికి తీసికొనిపోలేదు. పెండ్లిండ్లకు, బోనాలకు పోలేదు. తుదకు అంగన్‌వాడీకి పంపుటయు మానివేసినది. కొన్ని వారములకు పిల్లలను పరీక్షించు వైద్యబృందము ఆ అంగన్‌వాడీకి వచ్చినది. ఉన్న పిల్లలందరిని చూచినది. ఎవనిని చూడవలసి యున్నదో ఆ పిల్లవాడు మాత్రము అక్కడ లేడు.

సభ్యులు ఈ పాఠమున ముఖ్యముగా గ్రహింపవలసినది ఇదియే. సిగ్గుచేత ఇంట దాచబడిన బిడ్డకు సహాయము అందదు. ఆ సిగ్గును కలిగించునది వ్యాధి కాదు. అంగడిలో గుమిగూడిన మనమే. కావున దానిని తొలగించుటయు మన చేతిలోని పనియే.

ఆటిజము అనగా నేమి?

ఆటిజము మెదడు ఎదుగుదలలోని ఒక భేదము. ఇది పుట్టుకనుండియో, పసితనము నుండియో ఉండును. ఇట్టి పిల్లలకు ఇతరులతో చూపు, సైగ, మాట కలుపుట కష్టము. ఒకే పనిని మరల మరల చేయుట, ఒకే క్రమమును కోరుట వీరి స్వభావము. శబ్దము, వెలుతురు, స్పర్శ, రుచి కొందరికి మితిమీరి తోచును. కొందరికి చాలినంతగా తోచవు. కొందరు జీవితాంతము కొద్దిమాటలే పలుకుదురు. కొందరు చక్కగా చదివి ఉద్యోగములు చేయుదురు. అందరును ఒక్క రీతిగా ఉండరు.

1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లల లక్షణములను వివరించి ఈ స్థితిని వైద్యలోకమునకు తెలిపినాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ననుసరించి 2021లో ప్రపంచమున ప్రతి 127 మందిలో ఒకరికి ఆటిజము కలదు. ఈ లెక్కను నాలుగువేల జనాభా గల గ్రామమునకు అన్వయించిన, చిన్నలు పెద్దలు కలిసి సుమారు ముప్పదిమంది యగుదురు. ఇది సగటు మాత్రమే. ప్రతి గ్రామమున సరిగా ఇంతమందియే ఉందురని కాదు. కాని "మా ఊరిలో అట్టివారు లేరు" అను మాట సాధారణముగా నిజము కాదు. వారు మన కంటబడకుండ ఉన్నారని అర్థము.

గమనింపదగిన సూచనలు

ఈ క్రింది సూచనలను సభ్యులు తాము తెలిసికొని, తల్లులకు తెలియజెప్పవలెను.

1. తొమ్మిది నెలలు దాటినను పేరు పెట్టి పిలిచినపుడు తిరిగి చూడకపోవుట.
2. ఏడాది నిండినను టాటా చెప్పుట, ఎత్తుకొమ్మని చేతులు చాచుట మొదలగు సైగలు లేకపోవుట.
3. ఏడాదిన్నర నిండినను తనకు వింతగా తోచినదానిని వ్రేలితో చూపి, ఇతరులును చూడవలెనని కోరకపోవుట.
4. రెండేండ్లు నిండినను రెండు మాటలు కలిపి తానై పలుకలేకపోవుట.
5. వచ్చిన మాటలు, చేష్టలు ఏ వయస్సున నైనను పోవుట.
6. వస్తువులను వరుసగా పేర్చుట, చక్రములు త్రిప్పుట వంటి ఒకే ఆటను విడువకపోవుట. దారి మారినను, పళ్లెము మారినను తల్లడిల్లుట.
7. కొన్ని శబ్దములకు చెవులు మూసికొని వణకుట, లేదా దెబ్బ తగిలినను ఏడ్వకపోవుట.

వీనిలో ఒకటి రెండు కనబడినంత మాత్రమున ఆటిజమని నిర్ణయింపరాదు. వినికిడి లోపమున్న పిల్లవాడును పిలిచిన పలుకడు. కావున ముందుగా చెవి పరీక్ష తప్పక చేయింపవలెను. ఇది ఆటిజమా, కాదా అను నిర్ణయము వైద్యులది. పరీక్షకు పంపుట మన పని. "ఇంకొక ఏడు చూతము" అను మాట ఎంత ప్రేమతో చెప్పినను నష్టమే కలిగించును. ఏలయన పసితనమున మెదడు త్వరగా ఎదుగుచుండును, నేర్పిన విద్య ఆ దశలో త్వరగా పట్టుపడును. ఆడపిల్లలు నెమ్మదిగా ఒక మూల కూర్చుండుటచేత వారి లక్షణములు తరచు గుర్తింపబడకుండ పోవుచున్నవి. దీనినిగూడ జ్ఞాపకముంచుకొనవలెను.

మారామునకును ఆవేశమునకును గల భేదము

పిల్లలందరును మారాము చేయుదురు. మారాము చేయు పిల్లవాడు ఏడ్చుచు నడుమ నడుమ తల్లి ముఖమును చూచుచుండును. కోరినది ఇచ్చిన ఊరకుండును. ఆవేశము అట్టిది కాదు. శబ్దమో, జనమో, నొప్పియో, అనుకోని మార్పో బిడ్డ ఓర్పును మించినపుడు అది కట్టతెగిన చెరువువలె వచ్చును. అప్పుడు బిస్కెట్టు ఇచ్చినను ఆగదు, కొట్టినను ఆగదు. బిడ్డ కావలెనని చేయుచున్నది కాదు గనుక బిడ్డ చేతిలో ఆపుటయు లేదు.

మాట రాని బిడ్డకు ఆవేశమే మాట. "ఈ చప్పుడు నాకు నొప్పిగా ఉన్నది", "ఏమి జరుగుచున్నదో నాకు తెలియుట లేదు", "నా కడుపు నొచ్చుచున్నది" అని ఇతర పిల్లలు నోటితో చెప్పుదురు; ఈ బిడ్డ దేహముతో చెప్పును. గని కార్మికులకు ఈ సంగతి తేలికగా బోధపడును. గనిలో పైకప్పును కడ్డీతో తట్టి, వచ్చు శబ్దమునుబట్టి అది గట్టిదో వదులైనదో తెలిసికొందురు. చెడు శబ్దము వచ్చినదని కప్పును ఎవరును తిట్టరు. దాని కారణమును చూచుకొందురు. బిడ్డ ఆవేశమును గూడ అట్లే వినవలెను.

ఆవేశ సమయమున చేయవలసినవి

ఒకటి: ప్రక్కనున్న రాళ్లు, పొయ్యి, గాజు వస్తువులు తొలగింపవలెను. తల కొట్టుకొనుచున్న తల క్రింద మెత్తని గుడ్డయో, అరచేయియో ఉంచవలెను.

రెండు: శబ్దమును, వెలుతురును, జనమును తగ్గింపవలెను. టీవీ, మైకు ఆపవలెను. చుట్టునున్నవారిని పంపివేయవలెను.

మూడు: మాటలు తగ్గింపవలెను. ఒకరే, మెల్లని గొంతుతో, ఒకటి రెండు మాటలే పలుకవలెను. నలుగురు నాలుగు వైపులనుండి బుజ్జగించిన బిడ్డకు అది మరియొక అలజడియే.

నాలుగు: కొట్టరాదు, వాతలు పెట్టరాదు, కట్టివేయరాదు, చీకటిగదిలో వేయరాదు. భయము ఆవేశమును పెంచునే గాని తగ్గింపదు.

ఐదు: దగ్గరనే ఉండి వేచియుండవలెను. శాంతించిన పిమ్మట నీరిచ్చి, విశ్రాంతి నీయవలెను. ఆ సమయమున బుద్ధులు చెప్పుట వృథా.

ఎన్నడు లేనిది హఠాత్తుగా ఆవేశములు ఎక్కువైనచో చెవిపోటు, పంటినొప్పి, మలబద్ధకము, నిద్రలేమి ఉన్నవేమో వైద్యునిచేత చూపింపవలెను. ఆటిజము గల పిల్లలలో కొందరికి మూర్ఛలును వచ్చును. అట్టి సూచన కనబడిన ఆలస్యము చేయరాదు.

మూడు గడుల నోటుపుస్తకము

ఆవేశము వచ్చిన పిమ్మట చేయుదానికంటె, రాకముందు చేయునది మేలు. ఇందులకు ఖర్చులేని సాధనమొకటి కలదు. ఒక నోటుపుస్తకమున పేజీని మూడు గడులుగా గీయవలెను. మొదటి గడిలో "ముందు ఏమి జరిగినది", రెండవ గడిలో "బిడ్డ ఏమి చేసినాడు", మూడవ గడిలో "పిమ్మట మేమేమి చేసితిమి" అని వ్రాయవలెను. గంటయు వేయవలెను. రెండు వారములు వ్రాసిన చాలును.

మన ఉదాహరణలోని కుటుంబము ఇట్లు వ్రాసినదనుకొందము. మొదటి గడి చూడగా, ఆవేశములలో అధికభాగము బ్లాస్టింగు వేళను, తండ్రి రాత్రి షిఫ్టు దిగి నిద్రించు పగటివేళను వచ్చుచున్నవని తేలినది. రెండు గదుల ఇంటిలో తండ్రి నిద్ర చెడకుండ తల్లి పిల్లవానిని క్షణక్షణము "ష్, ష్" అని అణచుచున్నది. తప్పు తండ్రిది కాదు, తల్లిది కాదు, బిడ్డది కాదు. వేళల పొందిక సరిగా లేదు. ఆ పూట పిల్లవానిని అమ్మమ్మ ఇంటికో, చెట్టు నీడకో తీసికొనిపోయి ఆడించిన ముగ్గురికిని సుఖము. బ్లాస్టింగు వేళ ముందుగా తెలిసిన, పది నిమిషముల ముందే బిడ్డను లోపలి గదిలోనికి తీసికొని, చెవులకు గుడ్డ కట్టి, ఇష్టమైన వస్తువు చేతికిచ్చి, "చప్పుడు వస్తది, అయిపోతది" అని ప్రతిదినము ఒకే మాట చెప్పవలెను. కొన్ని దినములకు ఆ మాటయే బిడ్డకు ఆధారమగును.

మూడవ గడియు ముఖ్యమే. అరచినప్పుడెల్ల బిస్కెట్టు ఇచ్చుచున్నచో, బిస్కెట్టునకు దారి అరుపే యని బిడ్డ నేర్చుకొనును. అరుపునకు ముందే, చేయి చాచిన వెంటనే ఇచ్చినచో చేయి చాచుట నేర్చుకొనును. నీరు, అన్నము, బయటికి, చాలు అను నాలుగింటికి అట్టముక్కలపై నాలుగు బొమ్మలు గీసి గోడకు తగిలించి, బిడ్డ వానిని తాకినపుడు ఆ మాటను పలుకుచు ఆ వస్తువు నీయవలెను. బొమ్మలవలన మాట రాకుండపోవునను భయము అక్కరలేదు. చెప్పుకొను దారి దొరికిన బిడ్డకు ఆవేశము తగ్గును.

ప్రతిదినము ఇరువది నిమిషములు తల్లియో తండ్రియో నేలపై బిడ్డ ఎదుట కూర్చుండి, బిడ్డ ఆడు ఆటనే తామును ఆడవలెను. వాడు మూత త్రిప్పిన తామును త్రిప్పవలెను. "తిరిగింది" అని ఒక మాట పలికి, వాడు చూచువరకు ఓపికతో ఆగవలెను. ఇది పిల్లచేష్ట కాదు. పరీక్షించి చూచిన పద్ధతి. మన దేశమున గోవాలోను, పాకిస్తానులోని రావల్పిండిలోను 65మంది పిల్లల కుటుంబములతో ఒక పరిశోధన జరిగి, దాని ఫలితములు 2016లో ప్రకటింపబడినవి. అందు తల్లిదండ్రులకు నేర్పినవారు పెద్ద డాక్టర్లు కారు. శిక్షణ పొందిన సామాన్య ఆరోగ్య కార్యకర్తలు. ఆరునెలలలో పండ్రెండు పాఠములు చెప్పిరి. తల్లిదండ్రులు బిడ్డ ననుసరించుట నేర్చుకొనిరి. బిడ్డలు తామై తల్లిదండ్రులను పలుకరించుట పెరిగినది. ప్రపంచ ఆరోగ్య సంస్థయు ఇట్టి కుటుంబముల కొరకు తొమ్మిది సామూహిక పాఠములు, మూడు గృహసందర్శనములు గల శిక్షణను రూపొందించినది. గ్రామమున చేయదగిన పని కలదనుటకు ఇవి నిదర్శనములు.

తొలగింపవలసిన అపోహలు

తల్లి ప్రేమ చాలకపోవుటచేత ఆటిజము వచ్చునని ఒకప్పుడు పాశ్చాత్యదేశములలో పండితులే వ్రాసిరి. అది తప్పని 1964లో బెర్నార్డ్ రిమ్లండ్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఒక గ్రంథమున వాదించెను. ఆయన కుమారునికిని ఆటిజము కలదు. 1977లో లండనులో కవల పిల్లలపై జరిగిన పరిశోధన, ఇందు వంశపారంపర్య కారణములకు ప్రాధాన్యము కలదని చూపినది. పండితులు విడిచిన ఆ నిందను మన ఊరి అరుగులపై ఇంకను తల్లిమీద మోపుట న్యాయము కాదు.

టీకాలవలన ఆటిజము వచ్చునను మాటయు అసత్యము. 1998లో ఇంగ్లండులో ఆ అనుమానమును రేపిన వ్యాసమును, ప్రకటించిన పత్రికయే 2010లో ఉపసంహరించుకొన్నది. డెన్మార్కులో ఆరున్నర లక్షలకు పైగా పిల్లలను పరిశీలించి 2019లో ప్రకటించిన ఫలితములలో అట్టి సంబంధము కనబడలేదు. ఈ భయముచే తట్టు టీకా మానిన బిడ్డకు తట్టు వచ్చును; ఆటిజము తప్పదు.

సెల్‌ఫోనువలన ఆటిజము వచ్చునని కాదు. కాని ఫోను చేతికిచ్చి కూర్చుండబెట్టిన గంటలన్నియు మాట నేర్చుకొనవలసిన గంటలే. అవి పోవును.

ఆటిజమును పూర్తిగా మాన్పు మందు లేదు. తీవ్రమైన ఆవేశమునకు వైద్యుడు కొందరికి మందు వ్రాయును. దానిని ఆయన చెప్పినట్లే వాడవలెను. తాయెత్తులకు, భూతవైద్యమునకు, "నెలలో మాటలు తెప్పింతుము" అను ప్రకటనలకు అప్పుచేసి ఖర్చుపెట్టరాదు. మూలకణముల చికిత్స పేరిట లక్షలు గుంజువారును కలరు; ఆటిజమునకు అట్టి చికిత్స సిఫారసు చేయదగినది కాదని జాతీయ వైద్య కమిషను 2022 డిసెంబరులో తెలిపినది. దేవునికి మ్రొక్కుకొనుటను ఎవరును కాదనరు. మ్రొక్కుతో పాటు పరీక్షయు జరుగవలెను.

సహాయము లభించు మార్గము

మొదటి మెట్టు అంగన్‌వాడీయే. తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఏ వయస్సునకు ఏ చేష్ట రావలెనో వ్రాసియున్నది. ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. దానిని చూచి చెప్పగలరు.

రెండవ మెట్టు 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము. దీని సంచార వైద్యబృందములు అంగన్‌వాడీలకు ఏటికి రెండుమార్లును, ప్రభుత్వ పాఠశాలలకు ఒకమారును పోయి, పుట్టినది మొదలు పదునెనిమిది ఏండ్లవరకు గల పిల్లలను పరీక్షింపవలెను. వారు చూడవలసినవానిలో ఎదుగుదల ఆలస్యమును, ఆటిజమును చేరియున్నవి. అనుమానమున్న బిడ్డను జిల్లా స్థాయిలోని సత్వర చికిత్స కేంద్రమునకు పంపుదురు. అక్కడ పరీక్షకును, మాట నేర్పు శిక్షణకును రుసుము లేదు.

బృందము వచ్చువరకు ఆగనక్కరలేదు. గోదావరిఖని ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో పిల్లల వైద్యుని చూడవచ్చును. రామగుండమున 2022లో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది. సింగరేణి ఉద్యోగుల కుటుంబములకు కంపెనీ ఏరియా ఆసుపత్రియు కలదు. మరింత వివరమైన పరీక్షకు సికింద్రాబాదు మనోవికాస్ నగరులో 1984లో స్థాపింపబడిన కేంద్రప్రభుత్వ జాతీయ సంస్థ కలదు. బుద్ధివికాస లోపములు గలవారి కొరకు ఏర్పడిన ఈ సంస్థను క్లుప్తముగా నీపిడ్ అందురు. రామగుండం స్టేషనునుండి కాజీపేట మీదుగా సికింద్రాబాదునకు రైలు సౌకర్యము కలదు.

చట్టమును గూర్చియు సభ్యులు తెలిసికొనవలెను. 1995 నాటి వికలాంగుల చట్టములో ఆటిజమునకు చోటు లేదు. 2016లో చేయబడి, 2017 ఏప్రిల్ 19నుండి అమలునకు వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క వైకల్యములలో ఆటిజమును చేర్చినది. నలుబది శాతమునకు తక్కువ కాని వైకల్యమున్నదని ధ్రువీకరింపబడిన బిడ్డకు ఆరునుండి పదునెనిమిది ఏండ్లవరకు ఉచిత విద్య హక్కు. బహిరంగ స్థలమున వికలాంగుని బుద్ధిపూర్వకముగ అవమానించుట ఈ చట్టము క్రింద శిక్షార్హమైన నేరము. ధ్రువపత్రము గలవారు పింఛనునకు దరఖాస్తు చేయవచ్చును. తెలంగాణలో వికలాంగుల పింఛను 2023లో నెలకు 4,016 రూపాయలకు పెంపబడినది. 1999 నాటి చట్టముచే ఏర్పడిన నేషనల్ ట్రస్టు, నిరామయ అను బీమాద్వారా ఏటికి లక్ష రూపాయలవరకు చికిత్సకు, శిక్షణకు సహాయము చేయును. బడి ఈడు పిల్లలకు విద్యాశాఖవారి భవిత కేంద్రములలో ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు కలరు.

పంచాయతీ చేయదగిన పనులు

1. ప్రతి వార్డు సభ్యుడు తన వార్డులో ఆరేండ్లలోపు పిల్లలలో అంగన్‌వాడీకి రానివారెవరో తెలిసికొనవలెను. రానివారి ఇంటికి ఆశా కార్యకర్తతోనో, మహిళాసంఘ సభ్యురాలితోనో కలిసి పోవలెను. నలుగురు పురుషులు విచారణకు వచ్చినట్లు పోరాదు. "అమ్మా, పిల్లవాడు ఎట్లున్నడు? నీకు నిద్ర ఉంటున్నదా?" అని మొదలుపెట్టవలెను.

2. వైద్యబృందము వచ్చు తేదీని ముందుగా తెలిసికొని, ఆ ఇండ్లకు స్వయముగా తెలుపవలెను. బిడ్డ జనములో ఉండలేనివాడైన, అందరికంటె ముందు ఒంటరిగా చూడవలసినదిగా వైద్యుని కోరవలెను.

3. బ్లాస్టింగు సాధారణముగా జరుగు వేళను గని అధికారులనుండి తెలిసికొని, గ్రామమున ప్రకటింపవలెను. జాతరలు, పెండ్లిండ్లలో మైకు శబ్దము విషయమున అట్టి ఇంటివారి మాటను వినవలెను.

4. ఇట్టి పిల్లలు కొందరు చెప్పకుండ ఇల్లు విడిచి పోవుదురు. పలువురికి నీరన్న మక్కువ ఎక్కువ, అపాయము తెలియదు. మన ప్రాంతమున నీరు నిలిచిన పాత క్వారీలు, బొగ్గు వ్యాగన్ల పట్టాలు, టిప్పర్ల దారులు, గోదావరి, ఎల్లంపల్లి జలాశయము ఉన్నవి. ప్రమాదస్థలములకు కంచె వేయింపవలెను. బిడ్డ కనబడలేదన్న కబురు వచ్చిన, మొదట నీరున్న చోట్లకే పరుగెత్తవలెను. తల్లిదండ్రుల సమ్మతితో చుట్టుప్రక్కలవారికి బిడ్డను పరిచయము చేసియుంచుట మంచిది.

5. ధ్రువపత్రము, పింఛను, బీమా దరఖాస్తులను వ్రాయించుటలో పంచాయతీ కార్యదర్శి తోడ్పాటు ఇప్పింపవలెను. షిఫ్టు పని చేయువారికి ఒక దినము సెలవన్న ఒక దినము కూలి పోవుటయే యని మరువరాదు.

6. తల్లికి విశ్రాంతి కల్పింపవలెను. వారమునకు రెండుమారులు ఒక గంటసేపు బిడ్డను చూచుకొను ఇరుగుపొరుగువారిని కుదుర్చుట ఏ పథకమునందును వ్రాసియుండదు. కాని దానికంటె మించిన మేలు లేదు. ఆమె అలసట ఆవేశముగా మారి, ఆ దెబ్బ బిడ్డమీద పడుటకు ముందే ఈ పని జరుగవలెను.

ముగింపు

మరల ఆ అంగడికే పోదము. అదే మైకు, అదే టిప్పరు హారను, అదే బిడ్డ నేలపై పడినాడు. ఈమారు ఒక వార్డు సభ్యురాలు అక్కడ ఉన్నది. ఆమె వైద్యము చేయలేదు. మైకు ఆపించినది. "ఏం లేదు, మీ పని చూసుకోండ్రి" అని జనమును పంపినది. తన కొంగును మడిచి బిడ్డ తల క్రింద పెట్టి, తల్లి ప్రక్కన మాటలాడక కూర్చున్నది. పది నిమిషములకు ఏడ్పు తగ్గినది. పోవునపుడు తల్లితో ఒక్క మాట అన్నది: "సోమవారం అంగన్‌వాడీకి డాక్టరమ్మ వస్తది. నేను ఇంటికొస్త, ఇద్దరం కలిసి పోదాం."

ఇందులకు నిధులు అక్కరలేదు, తీర్మానము అక్కరలేదు. సోమవారమునాడు ఆ బిడ్డ అంగన్‌వాడీలో ఉండును. అక్కడినుండి దారి తెరచియున్నది. ఆ దారి మొదటి మెట్టువరకు బిడ్డను చేర్చుట మన కర్తవ్యము.

సభ్యులు చర్చింపవలసిన ప్రశ్నలు

1. మీ వార్డులో అంగన్‌వాడీకి రాని పిల్లలెందరు? రాకపోవుటకు కారణమును ఎవరైన అడిగిరా?
2. మారామునకును ఆవేశమునకును భేదమెట్లు తెలిసికొందురు?
3. వైద్యబృందము మీ గ్రామమునకు కడపట ఎప్పుడు వచ్చినది? ఆనాడు రానివారెవరు?
4. మీ గ్రామ పరిధిలో పసిపిల్లలకు అపాయకరమైన క్వారీలు, గుంటలు, పట్టాలు ఎచ్చట నున్నవి? వానికి కంచె కలదా?